అమ్మ మోకాలి ఆపరేషన్‌కి ముందు యూరిన్ కల్చర్‌లో ‘మిక్స్‌డ్ గ్రోత్’ వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ అమ్మగారికి అరవై ఆరేళ్ళు, షుగర్ ఉంది. నెల్లూరు నుంచి చెన్నైలో మేడవాక్కం దగ్గర మీ ఇంటికి వచ్చారు. వచ్చే గురువారం మోకాలి మార్పిడి ఆపరేషన్. ముందు చేయించిన టెస్టుల్లో యూరిన్ కల్చర్ (మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే పరీక్ష) రిపోర్టు ‘మూడు రకాల బ్యాక్టీరియా, మిక్స్‌డ్ గ్రోత్, మళ్ళీ శాంపిల్ పంపండి’ అని వచ్చింది. మామూలు యూరిన్ పరీక్షలో పస్ సెల్స్ (చీము కణాలు) 8-10, ఎపిథీలియల్ సెల్స్ బాగా ఎక్కువ, షుగర్ మూడు ప్లస్‌లు. ఆవిడకి మంట లేదు, జ్వరం లేదు. బంధువు ఒకాయన మెడికల్ షాపులో అడిగి ఒక యాంటీబయాటిక్ కోర్సు వేసేయమంటున్నారు. ఇన్ఫెక్షన్ ఉన్నట్టేనా, ఆపరేషన్ వాయిదా పడుతుందా, ఈసారి శాంపిల్ సరిగ్గా ఎలా ఇవ్వాలి అని అడిగారు.

నేను చెన్నైలోనే మైక్రోబయాలజీ ల్యాబ్‌లో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. అంతకు ముందు శాంపిల్ కలెక్షన్ కౌంటర్‌లో ఉండేదాన్ని. ఇలాంటి రిపోర్టు పట్టుకుని కంగారుగా వచ్చేవాళ్ళని చూడని వారం ఉండదు.

ఈ రిపోర్టుని బట్టి ఇన్ఫెక్షన్ ఉందని చెప్పలేం, లేదనీ చెప్పలేం. అసలు ఇది మీ అమ్మగారి గురించి చెప్పే రిపోర్టు కాదు, ఆ డబ్బాలోకి ఏమేం వచ్చి పడ్డాయో చెప్పే రిపోర్టు. నిజంగా మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే చాలాసార్లు ఒకే రకం బ్యాక్టీరియా, ఎక్కువగా ఈ.కోలై, గుంపుగా పెరుగుతుంది. మూడు రకాలు కలిసి పెరిగాయంటే సాధారణంగా అవి చర్మం మీదివో, యోని దగ్గరివో, మలద్వారం దగ్గరివో. ఎపిథీలియల్ సెల్స్ ఎక్కువగా ఉండటం కూడా అదే మాట చెప్తోంది. అవి ఎక్కువగా చర్మం నుంచి, యోని గోడల నుంచి రాలే కణాలు. వాటితో పాటు కొన్ని పస్ సెల్స్ కూడా బయటి నుంచే వస్తాయి కాబట్టి ఆ 8-10 చూసి భయపడకండి.

కాబట్టి మందు మాత్రం వేయకండి. ఇప్పుడు యాంటీబయాటిక్ వేస్తే మళ్ళీ ఇచ్చే శాంపిల్‌లో బ్యాక్టీరియా పెరగదు. నిజంగా ఇన్ఫెక్షన్ ఉన్నా రిపోర్టు శుభ్రంగా వస్తుంది, సగం చచ్చిన బ్యాక్టీరియా లోపలే ఉంటుంది. ఇన్ఫెక్షన్ లేకపోతే ఊరికే మందు మింగినట్టు, దానికి తోడు విరేచనాలు, మందుకి లొంగని మొండి బ్యాక్టీరియా. మంట, చలి జ్వరం, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికీ వెళ్ళాల్సి రావడం లాంటివి ఏవైనా మొదలైతే అది వేరే సంగతి, రిపోర్టు కోసం ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి. అప్పుడు ఆపరేషన్ వాయిదా వేయడమే మంచిది.

ఇక మీ శాంపిల్ ఎక్కడ చెడిందో చూద్దాం. పొద్దున ఆరున్నరకి ఇంట్లో తీశామని, వేళచేరి, సైదాపేట, మౌంట్ రోడ్డు ట్రాఫిక్ దాటి, బిల్లు క్యూలో నిలబడి పదిన్నరకి కౌంటర్‌లో ఇచ్చామని రాశారు. నాలుగు గంటలు. అదీ ఎండాకాలంలో, హ్యాండ్‌బ్యాగ్‌లో. వెచ్చటి మూత్రం బ్యాక్టీరియాకి మంచి మేత. వీలున్న చోట ఈ.కోలై ఇరవై నిమిషాలకే రెట్టింపు కాగలదు. మనం నిదానంగానే లెక్క వేసుకుందాం, అరగంటకోసారి రెట్టింపు అనుకోండి. చర్మం మీద నుంచి జారిపడినవి మిల్లీలీటరుకి 500 ఉంటే నాలుగు గంటలకి 256 రెట్లు, అంటే 1,28,000. లక్ష దాటితే ఇన్ఫెక్షన్‌గా లెక్క వేయడం ఎడ్వర్డ్ కాస్ అనే అమెరికన్ డాక్టరు 1950ల్లో చేసిన పని నుంచి వచ్చిన పద్ధతి. ఇప్పటికీ చాలా ల్యాబ్‌లు ఆ గీతనే చూస్తాయి. ట్రాఫిక్‌లో కూర్చుని మీరు ఆ గీత దాటించేశారన్నమాట.

ల్యాబ్‌లో మేం చేసేది చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మిల్లీలీటరులో వెయ్యోవంతు పట్టే చిన్న తీగ ఉంగరాన్ని మీ శాంపిల్‌లో ముంచి బ్యాక్టీరియాకి మేత ఉండే ప్లేటు మీద గీస్తాం. 35-37 డిగ్రీల్లో ఒక రాత్రంతా ఉంచుతాం. మర్నాడు పొద్దున ప్లేటు మీద కనిపించే చుక్కలు లెక్కపెట్టి వెయ్యితో గుణిస్తాం. వంద చుక్కలుంటే లక్ష. డబ్బా మూత లోపలి వైపు వేలు తగిలినా, చీర అంచు తగిలినా ఆ చుక్కల్లో కనిపిస్తుంది. ఒకే రకం పెరిగితే అది ఏమిటో, ఏ మందుకి లొంగుతుందో చూడటానికి ఇంకో రోజు పడుతుంది. అందుకే కల్చర్‌కి రెండు మూడు రోజులు అంటారు.

అందుకని ఈసారి శాంపిల్ ఇంట్లో తీయకండి. హాస్పిటల్‌కి వెళ్ళి అక్కడే తీయించండి. ముందు బిల్లు కట్టి, లేబుల్ అంటించిన డబ్బా చేతికి వచ్చాకే బాత్‌రూమ్‌కి పంపండి. వరస తిరగేయడం వల్లే సగం శాంపిళ్ళు క్యూలో మగ్గుతాయి. పొద్దున లేవగానే పోసే మూత్రం మంచిదంటారు, నిజమే. రాత్రంతా మూత్రాశయంలో నిలవ ఉన్నది కాబట్టి బ్యాక్టీరియా ఉంటే తేలిగ్గా బయటపడుతుంది. కానీ మీ దూరానికి అది కుదరదు. పొద్దున ఒకసారి ఇంట్లో వెళ్ళి, ఆ తర్వాత నాలుగు గంటల పాటు ఆపుకోగలిగితే అదీ సరిపోతుంది. వయసు మీద అంతసేపు ఆపుకోలేకపోతే రెండు గంటలైనా మేలే, ఇబ్బంది పెట్టకండి. రావాలని లీటర్లకొద్దీ నీళ్ళు తాగించకండి, పలచబడిపోయి లెక్క తగ్గిపోతుంది. మామూలుగా ఒకటి రెండు గ్లాసులు చాలు. పరగడుపున ఉండాల్సిన పని లేదు, ఇడ్లీ తినే వెళ్ళవచ్చు. అదే రోజు పరగడుపు రక్త పరీక్ష ఉంటే ఆ నియమం దానికే.

సోమవారం పొద్దునే ఇవ్వండి. మంగళవారానికి పెరుగుదల ఉందో లేదో తెలుస్తుంది, బుధవారానికి పూర్తి రిపోర్టు రావాలి. శనివారం మధ్యాహ్నం ఇచ్చి ఆదివారం మధ్యలో ఇరుక్కోవద్దు. సోమవారం కుదరకపోతే గురువారానికి రిపోర్టు అందకపోవచ్చని సర్జన్ ఆఫీసుకి ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు అసలు తీసే పద్ధతి. హాస్పిటల్‌లో నర్సు తమిళంలో ‘మిడ్‌స్ట్రీమ్ పట్టుకురండి’ అని ఒక్క ముక్కలో చెప్పి డబ్బా చేతిలో పెట్టిందని రాశారు. అమ్మగారికి తమిళం అంతగా రాదు, మిడ్‌స్ట్రీమ్ అంటే మధ్య ధార అని ఎవరూ చెప్పలేదు, మీరు కొడుకు కాబట్టి అడగడానికి మొహమాటపడ్డారు. ఇది మీ ఒక్కరి సంగతి కాదు. కౌంటర్ దగ్గర మగవాళ్ళు డబ్బా తీసుకుని తల్లికి అందించి పక్కకి తిరిగి నిలబడటం నేను రోజూ చూసేదే. మీ ఇంటావిడ గానీ, చెల్లెలు గానీ తోడు వెళ్తే సగం సమస్య అక్కడే తీరిపోతుంది. ఎవరూ లేకపోతే ఆయమ్మని గానీ నర్సుని గానీ అడగండి, తెలుగు వచ్చినవాళ్ళు చెన్నై హాస్పిటళ్ళలో ఎవరో ఒకరు దొరుకుతారు.

లోపలికి వెళ్ళగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చీర, లంగా బాగా పైకి దోపుకోవాలి, ఏ బట్టా ధారకి అడ్డం రాకూడదు. తర్వాత మూత్రద్వారం దగ్గరి చర్మపు మడతల్ని ఎడమ చేతి రెండు వేళ్ళతో విడదీసి, ముందు నుంచి వెనక్కి శుభ్రం చేసుకోవాలి, వెనక నుంచి ముందుకి ఎప్పుడూ కాదు. హాస్పిటల్ వాళ్ళు స్టెరైల్ గాజ్ ఇస్తే ఒక్కో ముక్క ఒక్కసారే తుడిచి పారేయాలి, అదే ముక్కతో మళ్ళీ తుడవకూడదు. ఇవ్వకపోతే కుళాయి నుంచి నేరుగా పడే నీళ్ళతో కడుక్కుని, శుభ్రమైన గాజ్‌తో తడి అద్దుకోవాలి. బకెట్‌లో నిలవ ఉన్న నీళ్ళు, పదిమంది ముట్టుకున్న మగ్గు వద్దు. నీళ్ళలో బతికే బ్యాక్టీరియా కూడా ఉంటాయి, కడుక్కున్న నీళ్ళు బొట్లు బొట్లుగా డబ్బాలోకి జారతాయి. డెట్టాల్, శావ్లాన్ అసలు వద్దు. అవి డబ్బాలోకి చేరితే ఉన్న బ్యాక్టీరియా చచ్చిపోయి తప్పుడు రిపోర్టు వస్తుంది. మంట పుట్టడం అదనం. ఆ రోజు పౌడర్ కూడా వేయొద్దని చెప్పండి. పౌడర్ రేణువులు మైక్రోస్కోప్‌లో మెరుస్తూ మా కళ్ళని ఇబ్బంది పెడతాయి.

ఇక్కడ అందరూ తప్పిపోయే చోటు ఒకటుంది. శుభ్రం చేసుకున్నాక వేళ్ళు తీసేస్తారు. తీయకూడదు. మడతల్ని అలాగే విడదీసి పట్టుకుని మొదటి కాస్త మూత్రాన్ని టాయిలెట్‌లోకి వదిలేయాలి. చాలా రోజులు కట్టేసి ఉన్న కుళాయి తిప్పితే మొదట తుప్పు నీళ్ళు వచ్చినట్టు, మూత్రనాళం చివర ఉండే బ్యాక్టీరియా ఆ మొదటి ధారతో కొట్టుకుపోతుంది. ధార ఆపకుండా డబ్బాని మధ్యలోకి తేవాలి. సగం నిండితే చాలు, అంతకంటే తక్కువైనా పది ఇరవై మిల్లీలీటర్లు సరిపోతాయి. డబ్బా తీసేశాక మిగిలింది టాయిలెట్‌లోకి. డబ్బా అంచు ఒంటికి తగలకూడదు. మూత ఎక్కడైనా పెట్టాల్సి వస్తే లోపలి వైపు పైకి ఉండేలా పెట్టాలి, లేదా తోడు వెళ్ళినవాళ్ళు చేతిలో పట్టుకోవాలి.

డబ్బాని కడగొద్దు. ఇది మళ్ళీ చెప్తున్నాను, ఎందుకంటే శుభ్రంగా ఉండే ఆడవాళ్ళే ఎక్కువగా చేసే పని ఇది. కొత్త డబ్బా కదా అని కుళాయి కింద ఒకసారి కడిగేస్తారు. అది స్టెరైల్ చేసి సీల్ వేసి వచ్చింది, మీ కుళాయి నీళ్ళు అంత శుభ్రంగా ఉండవు. కొన్ని చోట్ల డబ్బాలో తెల్లటి పొడి ఉంటుంది, దాన్ని దులిపి పారేసేవాళ్ళూ ఉన్నారు. అది బోరిక్ యాసిడ్, బ్యాక్టీరియా పెరగకుండా ఆపేందుకు వేస్తారు. అలాంటి డబ్బా ఇస్తే అందులో గీత దాకా నింపాలి. తక్కువ పోస్తే మందు ఘాటెక్కి అసలు బ్యాక్టీరియాని కూడా అణిచేస్తుంది.

మీ అమ్మగారికి మోకాళ్ళ వల్ల కూర్చోవడం కష్టమన్నారు కాబట్టి ఇండియన్ టాయిలెట్ మాట మరిచిపోండి. పట్టుకోవడానికి రాడ్ ఉన్న వెస్టర్న్ టాయిలెట్ ఎక్కడుందో కౌంటర్‌లో అడగండి, ల్యాబ్ పక్కన లేకపోతే వార్డులో ఉంటుంది. కమోడ్ మీద కాస్త వెనక్కి జరిగి, మోకాళ్ళు వీలైనంత ఎడంగా పెట్టి కూర్చుంటే డబ్బా పట్టడానికి చోటు దొరుకుతుంది. కూర్చుంటే చోటు చాలకపోతే రాడ్ పట్టుకుని కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి కూడా పోయవచ్చు, బాత్‌రూమ్‌లో ఎవరూ తప్పు పట్టరు. కింద నేల మాత్రం పొడిగా ఉండాలి, ఆపరేషన్ ముందు జారిపడితే అసలు పనికే ఎసరు. ఒక చేత్తో మడతలు, ఇంకో చేత్తో డబ్బా పట్టుకుంటే రాడ్‌కి చెయ్యి మిగలదు కాబట్టి డబ్బా తోడు వెళ్ళినవాళ్ళే గ్లవ్స్ వేసుకుని పట్టాలి. బెడ్‌పాన్‌లో పోయించి అందులోంచి డబ్బాలోకి ఒంపడం, డైపర్ పిండటం లాంటివి కల్చర్‌కి పనికిరావు.

లేబుల్ డబ్బా ఒంటికి అంటించాలి, మూతకి కాదు. ల్యాబ్‌లో మూతలు తీసి పక్కన పెట్టినప్పుడు ఎవరి మూత ఎవరిదో తెలియకపోతే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. పేరు, హాస్పిటల్ నంబరుతో పాటు తీసిన టైము రాయించండి. ఈ మధ్య ఏదైనా యాంటీబయాటిక్ వాడి ఉంటే రిక్వెస్టు ఫారం మీద అదీ రాయించండి.

ఎప్పుడైనా ఇంట్లోనే తీయక తప్పకపోతే గంట, మహా అయితే రెండు గంటల్లో ల్యాబ్‌కి చేరాలి. అంతకంటే ఆలస్యమయ్యేలా ఉంటే వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంటే కల్చర్‌కి ఒక రోజు దాకా ఆగుతుంది. డీప్ ఫ్రీజర్‌లో వద్దు. దోసెపిండి గిన్నె పక్కన ఆ డబ్బా పెట్టడానికి ఇంట్లో ఒప్పుకోరని తెలుసు, రెండు కవర్లలో కట్టి పెట్టండి. దారిలో కూడా ఐస్ ప్యాక్ పక్కన పెట్టుకుని తేవాలి, మేడవాక్కం నుంచి అయితే మరీను.

రిపోర్టులో షుగర్ మూడు ప్లస్‌లు అన్నారు, రక్తంలో షుగర్ మాత్రం కంట్రోల్‌లోనే ఉందన్నారు. మీరు పెద్దగా పట్టించుకోని ఈ లైనే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. ఆవిడ వేసుకునే షుగర్ మాత్రల అట్ట తీసి చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కెనాగ్లిఫ్లోజిన్ అని ఏదైనా ఉందా? కలిపి చేసిన మాత్రల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈ మందులు పనిచేసేదే చక్కెరని మూత్రంలోకి తోసేసి. కాబట్టి యూరిన్‌లో షుగర్ ఎక్కువ కనిపించడం వాటితో మామూలే. కానీ ఆపరేషన్‌కి ఇవి ముందే ఆపాలి. రక్తంలో షుగర్ పెద్దగా పెరగకుండానే ఒంట్లో కీటోన్లు (కొవ్వు కరిగినప్పుడు వచ్చే ఆమ్లాలు) పేరుకుని ప్రమాదం తెచ్చే అవకాశం ఉంది. కనీసం 3 రోజుల ముందు ఆపాలని అమెరికా ఔషధ సంస్థ 2020లో ఈ మందుల లేబుల్‌లో మార్పు చేసింది. మీకు గురువారమే ఆపరేషన్ కాబట్టి ఈ విషయం రేపే మత్తు డాక్టర్‌కీ, షుగర్ డాక్టర్‌కీ చెప్పండి. మీ అంతట మీరు ఆపొద్దు, బదులుగా ఏం వాడాలో వాళ్ళే చెప్తారు. ఆ మందుల మీద ఉన్నవాళ్ళకి ఫంగస్ కూడా తేలిగ్గా వస్తుంది. అక్కడ దురద, తెల్లబట్ట ఉంటే సిగ్గుపడకుండా చెప్పమనండి. శాంపిల్ చెడటానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఆపరేషన్ వాయిదా పడుతుందా అన్నారు. లక్షణాలు ఏవీ లేనివాళ్ళకి మోకాలి మార్పిడి ముందు యూరిన్ కల్చర్ చేయించి, పెరిగిన బ్యాక్టీరియాకి మందు ఇవ్వడం అవసరం లేదని అమెరికాలోని అంటురోగాల నిపుణుల సంఘం 2019 మార్గదర్శకాల్లో చెప్పింది. బ్రిటన్ వాళ్ళ నైస్ సంస్థ కూడా 2016లో ఆపరేషన్ ముందు అందరికీ యూరిన్ స్ట్రిప్ టెస్టు చేయొద్దంది. ఇన్ఫెక్షన్ ఉంటే ఆపరేషన్ నిర్ణయం మారుతుంది అనుకున్నప్పుడే కల్చర్ గురించి ఆలోచించమంది. మన దగ్గర చాలా హాస్పిటళ్ళలో ఇది ఇంకా రివాజుగా జరుగుతోంది. నా అభిప్రాయం అడిగితే, లక్షణాలు లేని పెద్దావిడకి ఈ టెస్టు లేకపోయినా కొంపలు మునగవు. కానీ కత్తి పట్టేది సర్జన్ కాబట్టి ఆయనతో వాదన పెట్టుకోకండి, ‘అమ్మకి లక్షణాలేమీ లేవు, ఈ కల్చర్ మళ్ళీ తప్పనిసరా సార్?’ అని ఒక్క మాట అడగండి. తప్పదంటే పైన చెప్పినట్టు ఇవ్వండి.

ఇదే మాట కిడ్నీ రాళ్ళకో, ప్రోస్టేట్‌కో లోపలికి పరికరం పెట్టి చేసే ఆపరేషన్లకి వర్తించదు. అక్కడ మూత్రాశయం, మూత్రనాళం లోపలి పొర గీసుకుంటుంది, బ్యాక్టీరియా నేరుగా రక్తంలోకి వెళ్ళి ప్రాణం మీదికి రావచ్చు. వాళ్ళకి లక్షణాలు లేకపోయినా ముందు కల్చర్ చేసి, దాని ప్రకారం మందు ఇచ్చాకే ముట్టుకోవాలి. మీ మామగారికి కూడా ప్రోస్టేట్ ఆపరేషన్ అన్నారు కదా, ఆయన శాంపిల్ విషయంలో అశ్రద్ధ చేయకండి. మగవాళ్ళకి పని తేలిక. ముందరి చర్మం వెనక్కి లాగి, కడిగి, తడి అద్ది, మొదటి ధార వదిలేసి మధ్యది పట్టాలి. ఆయనకి ఇప్పటికే కాథెటర్ (మూత్రం పోవడానికి పెట్టే ట్యూబ్) ఉంటే మాత్రం సంచిలోంచి తీసినది ఇవ్వకూడదు. నర్సు ట్యూబ్ మీద ఉండే శాంపిల్ పోర్ట్‌ని స్పిరిట్‌తో తుడిచి సిరంజితో తీయాలి. చాలా రోజులుగా ఉన్న కాథెటర్ అయితే దాన్ని మార్చి, కొత్తదాంట్లోంచి తీస్తారు.

మీ అమ్మగారికి రెండోసారి కూడా మిక్స్‌డ్ గ్రోత్ వస్తే మూడోసారి అదే తంతు చేయించకండి. అప్పుడు కూడా కల్చర్ కావాలని సర్జన్ అంటే, నర్సు సన్నటి ట్యూబ్ పెట్టి మూత్రాశయంలోంచి నేరుగా తీసి వెంటనే ట్యూబ్ తీసేసే పద్ధతి ఉంది. రెండు నిమిషాల పని, కాస్త ఇబ్బందిగా ఉంటుంది. ట్యూబ్ పెట్టడం వల్లే ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం కొద్దిగా ఉంది కాబట్టి దాన్ని మొదటే అడగొద్దు, డాక్టర్ రాస్తేనే చేయించండి.